పిల్లలు తమ పని తామే చేసుకునేలా తరగతి గదిని ఎలా సిద్ధం చేయాలి?

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలుండే ఏ తరగతిలోనైనా ఒక పూట కూర్చుని వినండి. "టీచర్, నీళ్లు." "టీచర్, ఆ డబ్బా అందట్లేదు." "టీచర్, ఇదెక్కడ పెట్టాలి?" "టీచర్, జిప్ రావట్లేదు." గంటలో ఇలాంటి పిలుపులు ఎన్ని వస్తాయో లెక్కే ఉండదు, వీటికి బదులు చెప్పడంలోనే టీచర్ ఓపిక సగం అయిపోతుంది. పిల్లలకు చేతకాక పిలుస్తున్నారని మనం అనుకుంటాం కానీ, చాలాసార్లు గదిలో ఏదీ వాళ్లకు అందేలా, అర్థమయ్యేలా ఉండదు, అందుకే పిలుస్తారు. అందుకని ముందు గదిని మారుద్దాం, తర్వాత రోజును, ఆ తర్వాత మన మాటను. వరస ఇదే ఉంచుకోండి, ఎందుకంటే గది మారకుండా "నీ పని నువ్వే చేసుకో" అంటే పిల్లలకు అది తిట్టులా వినిపిస్తుంది.

ముందు పిలుపులు రాసుకోండి

ఏదైనా కొనే ముందు ఒక వారం పాటు చేతిలో చిన్న నోటుబుక్కు ఉంచుకోండి. సాయం కోసం ఎవరొచ్చినా ఒక్క ముక్క రాయండి, ఏం అడిగారు, గదిలో ఎక్కడ అడిగారు, అంతే. వారం అయ్యాక చూస్తే అవే నాలుగైదు విషయాలు మళ్లీ మళ్లీ కనబడతాయి. ఆ నాలుగైదే మీరు ముందు చేయాల్సిన పనులు. ఇంటర్నెట్‌లో చూసిన అందమైన గదుల ఫొటోలు పక్కన పెట్టేయండి, అవి మీ పిల్లల్ని చూసి కట్టినవి కావు.

తర్వాత గది ఖాళీగా ఉన్నప్పుడు తలుపు దగ్గర మోకాళ్ల మీద నిలబడి చూడండి. మూడేళ్ల బిడ్డ ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు, కళ్లు అంతకన్నా కిందే ఉంటాయి. ఆ ఎత్తు నుంచి ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయండి. వాటిలో బల్లల అంచులు, మూసిన అలమర తలుపులు, పెద్దవాళ్ల కుర్చీల వీపులు తప్ప ఇంకేమీ పడకపోతే పిల్లలకు రోజంతా కనబడుతున్నదీ అదే.

జాగాను విడదీయండి

రెండు విషయాలు చూసుకుంటే చాలు. తడి పనికీ పొడి పనికీ దూరం ఉండాలి, సందడికీ నిశ్శబ్దానికీ దూరం ఉండాలి. నీళ్లు, రంగులు, మట్టితో చేసే పనులు కుళాయి దగ్గర, తేలిగ్గా తుడవగలిగే నేల ఉన్నచోట పెట్టండి. పుస్తకాలు వెలుతురు బాగా పడే మూలన, ఎవరూ అటూ ఇటూ తిరగని చోట. బ్లాకులకు పెద్ద జాగా కావాలి, దారిలో మాత్రం వద్దు. కట్టిన కోటను పక్కనుంచి వెళ్లేవాళ్లు కాలితో తన్నేస్తే వచ్చే ఏడుపులు, కొట్లాటలు సగం జాగా వల్ల వచ్చేవే. ఒక్కో బిడ్డకు గదిలో వాడుకోగలిగిన జాగా కనీసం 35 చదరపు అడుగులు, అంటే సుమారు 3.25 చదరపు మీటర్లు ఉండాలని ఒక లెక్క ఉంది. అలమరలు, పెద్దవాళ్ల సామాను ఆక్రమించే జాగా ఇందులోకి రాదు. మీ గది అంతకన్నా చిన్నదైతే ముందు టీచర్ బల్ల తీసేయండి. చాలా గదుల్లో అందరికన్నా ఎక్కువ చోటు తీసుకునేది అదే.

మూలలను వేరు చేయడానికి గోడలు అక్కర్లేదు. 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తున్న అలమరలే అడ్డుగా పెడితే లోపల కూర్చున్న బిడ్డకు తనదైన చోటు ఉన్నట్టు ఉంటుంది, మీకు గది ఏ మూల నుంచైనా అందరూ కనబడతారు. పొడుగ్గా, తిన్నగా ఖాళీ దారి వదిలితే పిల్లలు పరిగెడతారు, అది వాళ్ల తప్పు కాదు. రోజూ "పరిగెత్తొద్దు" అని అరిచే బదులు ఆ దారి మధ్యలో ఒక చిన్న అలమర అడ్డంగా పెట్టండి.

కుర్చీలో కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. మూడేళ్లవాళ్లకు సీటు ఎత్తు దాదాపు 25 సెంటీమీటర్లు, నాలుగైదేళ్లవాళ్లకు 30, బల్ల సీటు కంటే ఇంకో 20 సెంటీమీటర్లు ఎత్తు ఉంటే సరిపోతుంది. కాళ్లు గాల్లో వేలాడే బిడ్డ కాసేపట్లోనే కదలడం మొదలుపెడుతుంది, మనమేమో నిలకడ లేదంటాం. కుర్చీ బిడ్డ ఒక్కతే ఎత్తి మోయగలిగినంత తేలిగ్గా ఉండాలి. అలమరలన్నీ గోడకు బిగించి తీరాలి, ఎంత పొట్టివైనా సరే, ఎక్కి చూసేవాళ్లు ప్రతి గదిలో ఉంటారు.

అలమర తెరిచి పెట్టండి

1907 జనవరిలో రోమ్ నగరంలోని సాన్ లొరెంజో పేటలో ఇటలీ వైద్యురాలు, విద్యావేత్త మరియా మాంటిస్సోరి నడిపిన బడి మొదలైంది. అక్కడ తొలిరోజుల్లో సామానంతా అలమరలో పెట్టి తాళం వేసేవారు, టీచరే తీసి ఇచ్చేది. ఒకరోజు ఆమె తాళం వేయడం మరిచిపోయింది. మర్నాడు వచ్చేసరికి పిల్లలు అలమర తెరిచి ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని పనిలో పడి ఉన్నారు. టీచర్‌కి అది దొంగతనంలా కనబడింది. మాంటిస్సోరికి మాత్రం ఆ పిల్లలకు ఏం కావాలో ఎంచుకోవడం వచ్చేసిందని అర్థమైంది, ఆ తర్వాత పిల్లలకు అందే పొట్టి అలమరలు పెట్టించింది. నూరేళ్లు దాటినా ఇంకా చాలా గదుల్లో మంచి సామాను పై అరలోనే ఉంటోంది, "పాడు చేస్తారు" అన్న భయంతో.

ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నదాన్ని మాత్రం కాస్త ఓపిగ్గా ఆలోచించండి. పెద్ద పెట్టెలో అన్నీ కలిపి పోస్తే పిల్లలు దాన్ని కుమ్మరిస్తారు, అంతకన్నా దాంతో చేయడానికి ఏమీ లేదు. ఒక్కో పనికి ఒక్కో ట్రే ఉండాలి, ఆ పనికి కావలసినవన్నీ ఆ ట్రేలోనే ఉండాలి. కత్తిరించే ట్రే అంటే కత్తెర, కత్తిరించడానికి సన్నని కాగితపు ముక్కలు, ముక్కలు వేసే గిన్నె. వీటిలో ఒక్కటి లేకపోయినా బిడ్డ లేచి మీ దగ్గరికి వస్తుంది. ఎడమచేతి వాటం పిల్లలుంటే వాళ్ల కత్తెర వేరేగా ఉండాలి, మామూలు కత్తెరతో వాళ్లకు గీత కనబడదు, కాగితం మడతపడిపోతుంది, పాపం తమకే రాదనుకుంటారు.

ట్రేకీ ట్రేకీ మధ్య చేయి పట్టేంత ఖాళీ వదలండి. ట్రే ఫొటో తీసి అది ఉండాల్సిన అర మీద అంటించండి, అప్పుడు చదవడం రాని పిల్లలు కూడా ఎక్కడిది అక్కడ పెట్టగలరు. తేలికైనవి ఎడమవైపు, కష్టమైనవి కుడివైపు. విరిగినది, ముక్క తప్పిపోయినది ఆ రోజే తీసేయండి, సగం ముక్కలతో ఉన్న పజిల్‌ను ఏ బిడ్డా పూర్తి చేయలేదు. అన్నీ ఒకేసారి బయట పెట్టొద్దు, కొన్ని లోపల దాచి రెండు మూడు వారాలకోసారి మార్చండి. మార్చేటప్పుడు ఎవరూ ముట్టనివి మార్చండి, ఒక బిడ్డ రోజూ తీస్తున్నదాన్ని మాత్రం కదపొద్దు, ఆమెకు అందులో ఇంకా పని మిగిలి ఉంది.

ఒక్కో పనికి ఒక్క ట్రే చాలా, రెండు కావాలా అని అడుగుతుంటారు. మూడు దాటినవాళ్లకు ఒకటే మేలు. వేరేవాళ్లు తిరిగి పెట్టేదాకా ఆగడం వాళ్లకు మెల్లగా అలవాటవుతుంది. రెండేళ్లవాళ్లకు ఆగడం ఇంకా రాదు, వాళ్లకు ఇష్టమైనవి రెండేసి పెట్టండి.

నీళ్లు వంపే ట్రే, ఉదాహరణకు

అన్ని ట్రేలకీ ఇదే పద్ధతి కాబట్టి ఒకటి పూర్తిగా చెబుతాను. బిడ్డ ఒక చేత్తో పట్టుకోగల చిన్న జగ్గు, రెండు గ్లాసులు, ఒక స్పాంజి, అంచులున్న ట్రే. జగ్గులో సగం మాత్రమే నీళ్లు, గ్లాసు మీద ఎక్కడిదాకా పోయాలో రంగు టేపుతో ఒక గీత. ట్రేలో ఉన్న నీళ్లన్నీ ఒలికిపోయినా ఆ స్పాంజి పీల్చుకోగలిగినంతే ఉండాలి, ఇది ముందుగా మీరే ఒలకబోసి చూసుకోండి.

బిడ్డ పక్కన కూర్చుని మీరు ఒకసారి చేసి చూపించండి, నిదానంగా, మాట్లాడకుండా. చేతులు, మాటలు రెండూ ఒకేసారి నడిస్తే బిడ్డ మీ మొహం చూస్తుంది, చేతులు చూడదు. జగ్గు పిడి పట్టుకోండి, మూతిని గ్లాసు అంచు దగ్గరికి తీసుకెళ్లి ఆపండి, వంచండి, గీత దగ్గర ఆపి, మూతి మీద వేలాడే చివరి చుక్క పడేదాకా ఆగండి. పిల్లలకు ఆ చుక్క చాలా ఇష్టం, దానికోసమే మళ్లీ మళ్లీ వంపేవాళ్లుంటారు. కావాలనే రెండు చుక్కలు ట్రేలో పడనిచ్చి స్పాంజితో అద్ది తీయండి. అలా చేస్తే ఒలకడం, తుడవడం కూడా ఈ పనిలో భాగమేనని బిడ్డకు మీరు చెప్పకుండానే తెలుస్తుంది. తర్వాత "ఇప్పుడు నువ్వు చెయ్యి, నాన్నా" అని లేచి పక్కకి వెళ్లండి.

ఇది వచ్చాక, తాగే నీళ్లు గదిలోనే వాళ్లకు అందే ఎత్తున పెట్టండి. "టీచర్, నీళ్లు" అన్న పిలుపు కొన్ని రోజుల్లోనే తగ్గిపోతుంది.

ఇదే చూపుతో మిగతావి కూడా చూసుకోండి. చేతులు కడుక్కునే చోట జారని పీట, అందే కుళాయి, అందే సబ్బు, పక్కన తుండు, అందులో ఏ ఒక్కటి ఎత్తులో ఉన్నా మిగతావాటి వల్ల లాభం లేదు. కనీసం 20 సెకన్లు రుద్దాలి కాబట్టి ఆ మేరకు ఉండే చిన్న పాట ఒకటి నేర్పండి. ముక్కు తుడుచుకునే కాగితాలు, చెత్తబుట్ట, వాటికి ఎదురుగా చిన్న అద్దం పెడితే ముక్కు శుభ్రమైందో లేదో బిడ్డే చూసుకుంటుంది. ప్రతి బిడ్డకూ తన ఫొటో అంటించిన కొక్కెం, కింద బూట్ల జాగా, కూర్చుని వేసుకోవడానికి పొట్టి బెంచీ. పిల్లల కొలతకు సరిపడే చీపురు, చేట పెట్టండి, బొమ్మవి వద్దు, నిజంగా ఊడ్చేవి.

గోడల మీద తక్కువ

రంగురంగుల చార్టులతో గోడ నింపితేనే చిన్నపిల్లల తరగతి అనుకుంటాం. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కిండర్‌గార్టెన్ పిల్లలకు అవే రకం పాఠాలు ఖాళీ గోడల గదిలోనూ, అలంకరణ నిండిన గదిలోనూ చెప్పి చూశారు. అలంకరణ ఉన్న గదిలో పిల్లల ధ్యాస ఎక్కువగా పక్కదారి పట్టింది, నేర్చుకున్నది కూడా తక్కువే. గోడలన్నీ బోసిగా ఉంచమని నేను చెప్పను, పిల్లలు గీసినవి కొన్ని వాళ్ల కంటి ఎత్తులో పెట్టండి, అక్కడికి ఆపండి.

రోజులో ఒక పొడవాటి సమయం

గది ఎంత బాగున్నా ప్రతి ఇరవై నిమిషాలకూ గంట కొట్టి "ఇప్పుడు అందరూ ఇది చేయండి" అంటే ఎవరూ దేంట్లోనూ మునగరు. బిడ్డ ట్రే ఎంచుకుని, మొదలుపెట్టి, కాసేపు తడబడి, అప్పుడు పనిలో కుదురుకుంటుంది. సరిగ్గా అక్కడే మనం ఆపేస్తాం. మాంటిస్సోరి బడుల్లో ఆగకుండా మూడు గంటల పని సమయం ఉంచడం పద్ధతి. మీకు అంత వీలు కాకపోతే గంటన్నర అయినా తెంపకుండా ఇవ్వండి. ఆ మధ్యలో సుమారుగా గంట గడిచాక గదిలో ఒక కలకలం లేస్తుంది, అందరూ ఒకేసారి పనులు వదిలేసినట్టు కనబడతారు. టెన్షన్ పడి చప్పట్లు కొట్టి అందరినీ కూర్చోబెట్టకండి. కాసేపు ఓపిక పడితే చాలామంది మళ్లీ పనికి వెళతారు, ఈసారి ఇంకా పెద్ద పనికి.

చిరుతిండికి కూడా అందరూ ఒకేసారి లేవనక్కర్లేదు. ఇద్దరు కూర్చునే చిన్న బల్ల ఒకటి పెడితే ఆకలైనవాళ్లు వెళ్లి తిని, గిన్నె కడిగి వస్తారు. రోజు ఎలా సాగుతుందో బొమ్మలతో ఒక వరస గోడ మీద పెట్టండి, "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడిగే బిడ్డకు ఆ వరసలో చివరి బొమ్మ చూపిస్తే చాలు. పని మార్చే ఐదు నిమిషాల ముందు చెప్పండి, దూరం నుంచి అరవకుండా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మెల్లగా.

మొదటి వారాల్లో

బడి తెరిచిన రోజున అలమరలు నిండుగా ఉండకూడదు. వాళ్లకు ముందే తెలిసిన తేలికైన పనులు కొన్ని మాత్రమే పెట్టండి, పూసలు గుచ్చడం, బొమ్మలు వేయడం, పజిళ్లు లాంటివి. చాప పరచడం, చుట్టడం, కుర్చీ మోయడం, తలుపు చప్పుడు లేకుండా వేయడం, పరిచిన చాప చుట్టూ తిరిగి నడవడం, ఇవే ఆ రోజుల పాఠాలు. ఒక్కో పని చూపించాకే ఆ ట్రే అలమరలోకి రావాలి. నియమాలు తక్కువ పెట్టుకోండి. ఎవరినీ, దేన్నీ నొప్పించకూడదు, తీసినది తిరిగి అక్కడే పెట్టాలి, ఇంకొకరి పని ముట్టాలంటే అడగాలి. ఇంతకన్నా ఎక్కువ ఉంటే మీకే గుర్తుండవు.

మన మాట, మన చేతులు

అసలు కష్టం ఇక్కడే. బిడ్డ జిప్‌తో తంటాలు పడుతుంటే మన చేయి ఊరుకోదు. మనసులో పది లెక్కపెట్టండి, అప్పటికీ కాకపోతే కింద కొసను మాత్రం కలిపి పట్టుకోండి, పైకి లాగడం బిడ్డకే వదలండి. సాయం ఎప్పుడూ అంతే ఉండాలి, బిడ్డ ఆగిపోయిన ఆ ఒక్క చోటు దాటేంత. "ఏం చేస్తావు?" అని అడిగితే తెల్లబోయే పిల్లలకు "రంగులా, బ్లాకులా?" అని రెండే చెప్పండి. ఎంచుకోవడానికి వీల్లేని చోట మాత్రం అడగకండి. "చేతులు కడుక్కుంటావా?" అని అడిగి, వద్దంటే కోప్పడడం న్యాయం కాదు.

స్టార్లు, స్టిక్కర్లు, బహుమతుల గురించి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేసి 1973లో ప్రచురించారు. రంగు పెన్నులతో గీయడం అప్పటికే ఇష్టమున్న పిల్లల్ని తీసుకుని, కొందరికి "గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. తర్వాత ఖాళీ సమయంలో చూస్తే, బహుమతి కోసం గీసినవాళ్లు మిగతావాళ్లకన్నా బాగా తక్కువసేపు గీశారు. ఇష్టంగా చేసే పనికి బహుమతి జోడిస్తే ఇష్టం తగ్గింది. దాని బదులు చూసింది చెప్పండి, "ఈ కొసంతా నీలం వేశావే" అనండి, "నీళ్లు ఒలికాయి, నువ్వే తుడిచావు" అనండి. బిడ్డ మీ మెప్పు కోసం వెనక్కి తిరిగి చూడకుండా పనిలోనే ఉంటే అప్పుడు ఏమీ అనకండి, అది విడగొట్టకూడని క్షణం.

ఇద్దరు ఒకే ట్రే పట్టుకుని లాగుతుంటే లాక్కోకండి. మధ్యలో కూర్చుని, ట్రే మీద చేయి వేసి, "మీ ఇద్దరికీ ఇది కావాలి, ఒకటే ఉంది, ఏం చేద్దాం?" అనండి. నాలుగేళ్లవాళ్లు చెప్పే పరిష్కారాలు కొన్నిసార్లు మనకు తోచేవాటికన్నా బాగుంటాయి. మూడేళ్లవాళ్లకు మాత్రం మీరే దారి చూపాలి.

ఏమీ తీయకుండా తిరుగుతూ, ఇతరుల్ని చూస్తూ ఉండే బిడ్డ ప్రతి తరగతిలో ఒకరైనా ఉంటారు. ఊరికే చూడడం కూడా ఆటలో భాగమేనని పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్ 1932లోనే రాసింది, పిల్లల ఆటను గమనించి చేసిన విభజనలో దానికి ఒక చోటు ఇచ్చింది. కొన్ని రోజులు చూడనివ్వండి, బయట నుంచి ఎవరైనా వచ్చి "ఈమె ఏం చేయట్లేదే" అన్నా సరే. చూపు ఎక్కడ ఎక్కువసేపు ఆగుతోందో గమనించి, ఆ పనికే ఒకరోజు పిలవండి.

భద్రత విషయం

పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వాలంటే ప్రమాదాలు ముందే తీసేసి ఉండాలి. మూడేళ్లలోపు పిల్లలున్న గదిలో సుమారు 3 సెంటీమీటర్ల వ్యాసం గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే వస్తువేదీ ఉండకూడదు. బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఏ వయసు పిల్లలకైనా అందకూడదు, మింగితే ప్రాణం మీదికి వస్తుంది. నీళ్ల బకెట్ నిండుగా వదిలేసి వెళ్లొద్దు, కొద్ది సెంటీమీటర్ల నీళ్లలో కూడా చిన్నపిల్లలు మునిగిపోతారు. గాజు గ్లాసు వాడితే పగిలినప్పుడు పెంకులు మీరే ఎత్తాలి, పిల్లలు దూరంగా ఆగడం ముందే అలవాటు చేయండి.

తల్లిదండ్రులకు చెప్పండి

ఇంట్లో అమ్మో నాన్నో బూట్లు తొడుగుతుంటే బడిలో పడ్డ కష్టం రోజూ మొదటికొస్తుంది. వాళ్లని తప్పుబట్టకుండా చిన్న చిన్నవి అడగండి, నడుముకు ఎలాస్టిక్ ఉన్న బట్టలు, అంటించుకునే పట్టీల బూట్లు, తేలిగ్గా తెరుచుకునే డబ్బా. పొద్దున్నే తొందరలో సాధ్యం కాదంటారు, నిజమే, సాయంత్రం తీరిక ఉన్నప్పుడు ఒక్క పని బిడ్డకు వదలమనండి. బిడ్డ కొత్తగా ఏది సొంతంగా చేసినా వాళ్లకు ఆ రోజే చెప్పండి.

నెల రోజులు గడిచాక మొదట రాసుకున్న నోటుబుక్కు మళ్లీ తీసి ఇంకో వారం రాయండి. పాత పిలుపులు కొన్ని పోయి ఉంటాయి, వాటి చోట కొత్తవి వస్తాయి. "ఇది అయిపోయింది, ఇంకా కష్టమైనది ఉందా?" లాంటివి వినబడుతుంటే అలమరలో కుడివైపుకు ఇంకో ట్రే తేవాల్సిన సమయం వచ్చింది. "అందట్లేదు" అన్నది ఇంకా వినబడుతుంటే మళ్లీ మోకాళ్ల మీద నిలబడి ఆ మూల చూడండి, వారానికి ఒక్క మూల చొప్పున మార్చుకుంటూ వెళ్లండి. ఒకేసారి గదంతా మార్చేస్తే నేర్చుకున్న చోట్లన్నీ పిల్లలు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వస్తుంది.